రోయింగ్ సీటుతో కొత్తవాడ దాకా

ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. మీలో ఎవరైనా జిమ్‌లో ఉండాల్సిన రోయింగ్ మిషన్ సీటును వెనక తోకలా వేలాడేసుకొని, పట్టపగలు, మడికొండ నుంచి కొత్తవాడ దాకా ఆటోలో వచ్చారా? రాలేదు కదా. అయితే చాయ్ పోసుకొని కూర్చోండి. మొన్న ఆదివారం ఆ ఘనకార్యం నేను చేశాను.

ముందు కేసు పూర్వాపరాలు. ఏడాది కింద నేను బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాను. కడుపును అరటికాయంత చేసి కుట్టేస్తారు, అది. దాచుకునేదేమీ లేదు, మా కొత్తవాడ గల్లీల్లో ఏదీ దాగదు కూడా. ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ ఒకటే చెప్పింది: తిండి తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, కానీ ఒళ్లు కదల్చకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది, తర్వాత పోయిన బరువు చుట్టపుచూపుగా తిరిగొచ్చి ఇక్కడే మకాం పెడుతుంది. నాకేమో నడకంటే విసుగు. పరుగంటే నా మోకాళ్లకు విసుగు. కుట్లు పూర్తిగా మానాక, ఇక ఫికర్ లేదని డాక్టరమ్మ అన్నాక, మడికొండలో మా ఆఫీసు పక్క జిమ్‌లో రోయింగ్ మిషన్ ఎక్కాను. కూర్చొని చేసే పని. బరువు సీటు మోస్తుంది, మోకాళ్లు మోయవు. కాళ్లు తన్నుతాయి, వీపు లాగుతుంది, చేతులు గుంజుతాయి. పడవ లేదు, నీళ్లు లేవు, చెమట మాత్రం ఏరులై పారుతుంది. నాకు పిచ్చిపిచ్చిగా నచ్చింది.

ఇప్పుడు పెద్దమ్మ. మా అమ్మకు అక్క, పరకాలలో ఉంటుంది. షుగరు, అరిగిన మోకాళ్లు, వాటి మీద బరువు. నన్ను చూసి ఆమె కూడా ఆ ఆపరేషనే చేయించుకుంది. నన్ను చూసి అనడం మర్యాద. అసలు సంగతేమిటంటే నేను వాదించి వాదించి ఒప్పించాను. కాలేజీలో స్టేజీ ఎక్కితే నా చేతిలోంచి మైకు గుంజుకోవాల్సి వచ్చేది, అందుకే ఇంట్లో నన్ను లాయరమ్మ అంటారు. చదివింది మాత్రం కంప్యూటర్లు.

ఆపరేషన్ బాగానే అయింది. ఆ తర్వాతే పెద్దమ్మ మంచం దిగడం మానేసింది. మొన్న దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ నవ్వలేదు. "అమ్మా, బరువు దిగుడు ఆగిపోయింది. ఇట్లనే కూసుంటే మళ్ల మొదటికొస్తది. అప్పుడు నన్నేం చెయ్యమనొద్దు" అంది. పెద్దమ్మ తల ఊపింది. ఆ ఊపు నాకు తెలుసు. "నువ్ చెప్పేది చెప్పు, నేన్ చేసేది చేస్త" అనే ఊపు అది.

నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. సహించినా పట్టేది గుప్పెడే అనుకోండి. ఆపరేషన్‌కు ఒప్పించింది నేను. అది వృథా అయితే ఆ పాపం ఎవరిది? అందుకే శనివారం పెద్దమ్మ మా ఇంటికి రాగానే చర్చ మొదలుపెట్టాను.

"పెద్దమ్మా, రేపు నాతోని జిమ్‌కు వస్తానవ్. పడవ నడుపుతానవ్."

పెద్దమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "పడవా? ధర్మసాగర్ చెరువు మడికొండకు ఎప్పుడొచ్చిందే?"

"నీళ్లు ఉండవ్. మిషన్ ఉంటది. కూసోని గుంజుడే."

"నీళ్లు లేకుంట పడవ నడిపి ఎటు పోతవ్?"

"ఎటు పోవు. ఉన్న కాడనే ఉంటవ్."

"ఉన్న కాడనే ఉండుటానికి గంత దూరం పోవుడెందుకు? ఈ మంచం మీద గదే పని చేస్తాన్న గద."

అమ్మ మగ్గం దగ్గర నుంచి పకపకా నవ్వింది. అమ్మ దర్రీలు, అంటే నేల మీద పరిచే నూలు జంపఖానాలు, నేస్తుంది. మా ఇంట్లో వాదన ఎవరు గెలుస్తున్నారో తెలుసుకోవాలంటే మగ్గం చప్పుడు వినాలి. నేను గెలుస్తుంటే టకటకా నడుస్తుంది. ఓడిపోతుంటే నవ్వడానికి ఆగుతుంది. ఆ సాయంత్రం పాపం ఆ దర్రీ జానెడు కూడా ముందుకు పోలేదు.

కండ గురించి చెప్పాను. షుగరు గురించి చెప్పాను. మోకాళ్ల మీద బరువు పడదని బొమ్మ గీసి చూపించాను. పెద్దమ్మ అన్నీ విని, "నీకు నోటి ఎక్సర్‌సైజు మస్తయితాంది బిడ్డా, అందుకే గట్ల సన్నబడ్డవ్" అంది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చింది. "రేపు ఒక్క రోజు వస్త. చూస్త. నాకు నచ్చకపోతే సాయంత్రం పరకాల బస్సెక్కుత. ఇగ మళ్ల నా ముంగట మిషన్ పేరెత్తొద్దు. ఒట్టెయ్."

ఒట్టేశాను. మీకర్థమైందిగా, ఒకే ఆదివారం, ఒకే అవకాశం.

ఇక్కడ నా బుర్ర పనిచేసింది. అది పనిచేయకుండా ఉండుంటే ఈ కథే లేదు. సాక్ష్యం లేని వాదన చెల్లదని డిబేట్లలో నేనే జూనియర్లకు నూరిపోసేదాన్ని. కాబట్టి సాక్ష్యం కావాలి. బీరువా అడుగున నా పాత పైజామా ఉంది. ఆపరేషన్‌కు ముందుది. ఇప్పుడు దాంట్లో నేను నిలబడితే, పక్కన ఇంకొకరికి కిరాయికి ఇచ్చేంత జాగా మిగులుతుంది. అది తొడుక్కొని పోదాం, పెద్దమ్మ ముందు నడుము దగ్గర బారెడు గుడ్డ లాగి చూపిద్దాం, తర్వాత మిషన్ ఎక్కుదాం. పెద్దమ్మ కళ్లు తెరుచుకుంటాయి. ఇదీ ప్లాను.

తెల్లారి తొడుక్కుంటే నాడా పుటుక్కున తెగింది. "అమ్మా" అని అరిచాను. అమ్మ మగ్గం దిగకుండానే దర్రీకి వాడే పురి నూలు నాలుగు పోగులు పేని, నా నడుము చుట్టూ తిప్పి, ముడేసి, ముడి పక్కన మిగిలిన కొసలు కత్తెరతో కచ్చుకచ్చుమని మొదలంటా కత్తిరించేసింది.

"కొసలు కోసేసినవేందే, నేన్ మళ్ల ఎట్ల ఇప్పాలె?"

"అలవాటే. మగ్గం మీద ముడికి కొసలుంటే అచ్చు పండ్ల సందుల ఇరుక్కుంటయ్. ఇది మా సాలోళ్ల ముడి. పోగు తెగుతది గని ముడి జారది. పో."

"జర వదులుగ..."

"పైజామ జారొద్దా, జారాల్నా? ఏదో ఒకటి చెప్పు."

జారొద్దు అన్నాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

జిమ్‌లో ఆదివారం జనం బాగానే ఉన్నారు. అందరూ ఐటీ పిల్లలు, చెవుల్లో వైర్లు. కోచ్ కిరణ్ నన్ను చూసి, "అక్కా, గీ పైజామతోనా? కాళ్లకు అతుక్కునేది తొడుక్కోవాలె గద" అన్నాడు. మంచి మాటే. నేనేమన్నానో తెలుసా? "కిరణ్, ఇది బట్ట కాదు, ఎవిడెన్స్." అతను పాపం దండం పెట్టి పక్కకు పోయాడు. నాతో వాదించి అలసిపోయినవాడే అతను కూడా.

పెద్దమ్మ తన చేతిసంచి ఒళ్లో పెట్టుకొని గోడవారగా కుర్చీలో కూర్చుంది. సాయంత్రం బస్సుకు బట్టలు సర్దుకున్న సంచి అది. ఇంటి దగ్గర పెట్టమంటే వినలేదు. జిమ్ మొత్తాన్ని ఒకసారి చూసి, కొంగు భుజాల నిండా కప్పుకొని, సంచిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. నేను అది చూశాను. కానీ నాకు మాట్లాడే తొందర. మాట్లాడే తొందరలో ఉన్నవాళ్లకు చూసింది బుర్రకెక్కదు.

పైజామా లాగి చూపించాను. "చూడు పెద్దమ్మా, ఇంత నేను మాయమైన. ఎక్కడికి పోయింది? ఈ మిషన్ తీసింది."

"మిషన్ తీసిందా, డాక్టర్ తీసిందా?"

"డాక్టర్ దారి చూపింది. మిషన్ దారి పట్టించింది."

మంచి డైలాగు కదా? నేనూ అలాగే అనుకున్నాను. మిషన్ మీద కూర్చొని, పాదాలకు పట్టీలు బిగించి, పిడి పట్టుకొని మొదలుపెట్టాను. "ముందుగాల కాళ్లతోని తన్నాలె. తర్వాత నడుం ఎనకకు. ఆఖరికి చేతులు. మళ్ల వచ్చేటప్పుడు తిరగేసి. కొత్తల కొంచెమే చెయ్యాలె. తిన్నంక వెంటనే చెయ్యొద్దు. నీళ్లు గుటక గుటక..."

రోయింగ్ చేస్తూ ఉపన్యాసం ఇవ్వకూడదు. నేను ఇచ్చాను. ఉపన్యాసం రసపట్టుకు వచ్చినప్పుడు నాకు చేతులు ఊపే అలవాటు, చేతుల్లో పిడి ఉంది కాబట్టి మొత్తం ఒళ్లే ఊపాను. వెనక్కి బారుగా వాలాను. వాలినప్పుడు నా ఎవిడెన్స్‌లో మిగులు గుడ్డంతా వెనక కుప్పగా పట్టాల మీద పడింది. నేను ముందుకు వచ్చాను. సీటు కింది చక్రాలు ఆ గుడ్డను ఆప్యాయంగా అందుకున్నాయి. ఒకసారి తిరిగాయి. ఇంకోసారి తిరిగాయి. తర్వాత నేనూ, సీటూ, మిషనూ ముగ్గురం ఒక్కటయ్యాం.

లేవబోయాను. సీటు లేవనివ్వలేదు.

"ఏమైందే, ఆగినవ్?" అంది పెద్దమ్మ.

"ఏం లేదు. రెస్ట్."

"మూతేంది గట్ల పెట్టినవ్?"

"రెస్ట్‌ల అట్లనే ఉంటది."

కిరణ్ వచ్చి వంగి చూశాడు. గుడ్డ పట్టుకొని లాగాడు. చక్రం ఇరుసుకు చుట్టుకుపోయింది, రాదు. వెనక్కి తిప్పుదామంటే బిగుసుకుపోయింది, తిరగదు. "అక్కా, కత్తెరతోని కట్ చేద్దామా?" అన్నాడు.

"ఎక్కడ?"

అతను చెయ్యి ఎక్కడ చూపించాలో తెలియక సీలింగు వైపు చూపించాడు. నిజమే మరి, గుడ్డ ఇరుక్కున్నది సరిగ్గా వెనక. అక్కడ కత్తిరిస్తే నా వెనక ఒక కిటికీ. పైన వేసుకున్నదేమో నడుము దాకా వచ్చే టీషర్టు.

"పోనీ నాడా ఇప్పేసి..." అని సగంలో తనే ఆగిపోయాడు. నాడా వదిలిందంటే నా చుట్టూ ఉన్న ఆ డేరా మొత్తం కూలుతుంది. అసలు వదిలితే కదా. అమ్మ ముడికి కొసలే లేవు. గోరు కూడా దూరదు. అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, ముడి ఎట్ల ఇప్పాలె?"

"ఇప్పుడెందుకు ఇప్పుతానవ్, జిమ్‌లున్నవ్ గద?"

"ఊరికె అడుగుతాన్న."

"సాలోళ్ల ముడి ఊరికె ఇప్పరు. ఇంటికి రా, నేనిప్పుత." ఫోన్ పెట్టేసింది.

అప్పటికి చెవుల్లో వైర్లున్న పిల్లలందరూ వైర్లు తీసేశారు. ట్రెడ్‌మిల్ మీదున్న ఒకాయన వేగం తగ్గించుకొని నడుస్తూ చూస్తున్నాడు. ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు. అది అంటుకుంది. నేను నోరు తెరిచాను. ఎంత గడ్డు ప్రశ్నకైనా జవాబిచ్చే నోరది. అది మళ్లీ "రెస్ట్" అనే అంది.

చివరికి కిరణ్ తేల్చాడు. "అక్కా, పట్టాల కొసకున్న బోల్టు ఇప్పితే సీటు బయటికి జారుతది. చక్రాలిప్పే చిన్న పానా నా దగ్గర లేదు. సీటుతోని ఇంటికి పోయి, బట్ట మార్చుకొని, జర సీటు తెచ్చియ్యిన్రి."

అలా నేను సీటుతో సహా విడుదలయ్యాను. నిలబడగానే సీటు బరువు పైజామాను వెనక్కి లాగింది. ఒక చేత్తో ముందు పైజామా పట్టుకున్నాను, వెనక సీటును పెద్దమ్మ రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. పెళ్లికూతురి కొంగు పట్టుకొని నడిచే చెల్లెలిలాగా నా వెనక నడిచింది. ఇద్దరం జిమ్ మొత్తం దాటాం. ఎవరో చప్పట్లు కొట్టారు. వాళ్ల సంగతి నేను తర్వాత చూస్తాను.

ఆటోవాలా నన్ను ఎగాదిగా చూశాడు. "అక్కా, కొన్నరా, గుంజుకొచ్చిన్రా?"

"నువ్ కొత్తవాడ పోనియ్" అన్నాను.

ఆటోలో ఇంకో సంగతి తేలింది. ఆ సీటు మీదే కూర్చోవాలి, వేరే దారి లేదు. సీటు కింద గుడ్డ చిక్కని చక్రాలు ఇంకా ఉన్నాయి, అవి మహా నున్నగా తిరుగుతున్నాయి. ఆటోవాలా బ్రేక్ వేస్తే నేను ముందుకు. గేరు మారిస్తే వెనక్కి. పెద్దమ్మ ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో నన్ను పట్టుకుంది. కాజీపేట దాటేసరికి జిమ్‌లో ఆగిపోయిన రోయింగ్ అంతా ఆటోలో పూర్తయింది. పెద్దమ్మ నవ్వు ఆపుకుంటోందని భుజాలు చెబుతున్నాయి. హన్మకొండ చౌరస్తాలో సిగ్నల్ పడి ఆటో గట్టిగా ఆగింది, నేను ఆటోవాలా వీపుకు తగిలి వెనక్కి వచ్చాను. అప్పుడిక ఆపుకోలేకపోయింది. కళ్లెంట నీళ్లు పెట్టుకొని, కుట్లు ఎప్పుడో మానిన కడుపు పట్టుకొని నవ్వింది. ఆపరేషన్ తర్వాత ఆమె అట్లా నవ్వడం నేను చూడలేదు. నేను మాత్రం సీటు అంచులు పట్టుకొని కూర్చున్నాను. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. మీరు నమ్మకపోయినా ఫరవాలేదు.

మా గల్లీ మొదట్లో మురుగు మోరీ కోసం తవ్వారు, ఆటో లోపలికి పోదు. నేను ముందు, పెద్దమ్మ వెనక, మధ్యలో సీటు. గల్లీ మొత్తం అరుగుల మీదే ఉంది. "ఏంది లాయరమ్మా, కుర్చీ గెలిచినవా?" అని ఎవరో అడిగారు. పెద్దమ్మే జవాబిచ్చింది, "గెలిచింది. ఇడిసిపెడతలేదు."

ఇంట్లో అమ్మ నన్ను చూసి మగ్గం దిగి వచ్చింది. ముడి మీద బొటనవేలు పెట్టి ఒక పోగును వెనక్కి వంచింది. ముడి విప్పుకుంది. అంతే. నేను గదిలోకి దూకి సల్వార్ తొడుక్కొని బయటికి వచ్చేసరికి అమ్మ ఇరుసుకు చుట్టుకున్న గుడ్డను కత్తెరతో ముక్కలు ముక్కలుగా తీసేస్తోంది. నా ఎవిడెన్స్ అలా పీలికలైపోయింది, అమ్మ మళ్లీ మగ్గం ఎక్కింది.

పెద్దమ్మ సంచి తెరిచి మందుబిళ్లల డబ్బా తీసింది. సంచిలో పైనే, మడత నలగని ఆకుపచ్చ చీర.

నేను ఆ చీరను చూశాను. పెద్దమ్మను చూశాను.

"పెద్దమ్మా, నీ సంచిల చీరున్నది."

"ఉన్నది. బస్సుకు కట్టుకుందామని."

"జిమ్‌ల ఆడోళ్ల బాత్రూం ఉన్నది. అక్కడ పైజామ కోసేసి నీ చీర చుట్టుకునుంటే సీటు అక్కడనే ఊడిపోతుండె గద?"

"ఊడిపోతుండె."

"మరి చెప్పలేదేందే?"

పెద్దమ్మ మందుబిళ్ల నోట్లో వేసుకుంది. ఒక గుటక నీళ్లు తాగింది. ఇంకో గుటక తాగింది. డాక్టరమ్మ చెప్పినట్టే, నింపాదిగా. "సీటు నీ నడుముకున్నంత సేపు నన్ను కూసోమనవు గద" అంది.

పళ్లు పటపటా కొరికాను. పరకాల మట్టికి ఇంత తెలివి ఎక్కడిదని అడగబోయి, దారి పొడుగునా మూసిన నోరు కదా, అలవాటైపోయి మూసే ఉంచాను.

అప్పుడు పెద్దమ్మే మాట్లాడింది. గొంతు తగ్గించి, చీర మడత సర్దుతూ.

"మోకాళ్ల నొప్పని అన్న గని, అది ఒక్కటే కాదు బిడ్డా. ఈ లావు ఒంటితోని, ఈ చీరతోని ఆ పిల్లలందరి ముంగట మిషనెక్కితే నవ్వుతరని ఉండె. నువ్వేమో షుగరనబడితివి, కండనబడితివి. అడగకపోతివి." నా వైపు చూసి, నవ్వు రాకుండా పెదవి కొరికింది. "ఇయ్యాల చూసిన. వాళ్ల నవ్వంత నీ మీదనే ఒడిసిపాయె. ఇగ నా కోసం ఏం మిగలలే."

మగ్గం ఆగలేదు. టక్, టక్. మొదటిసారి పెద్దమ్మ గెలుస్తుంటే కూడా నడిచింది.

"సాయంత్రం బస్సు పోనీ, రేపు పోత. పా, సీటియ్యాలె గద ఆ పిలగానికి. నేన్ కూసుంట. కానీ ఒక షరతు. నేన్ గుంజుతున్నంత సేపు నువ్ నోరు తెరవొద్దు. తెరిస్తే దిగుత."

మళ్లీ మడికొండ. ఈసారి సీటు నా చేతుల్లో ఉంది, వెనక లేదు. ఆటోలో జారలేదు. కిరణ్ సీటు బిగించాడు. పెద్దమ్మ చీర కుచ్చిళ్లు వెనక్కి తీసి గోచి దోపింది, నాట్లకు దిగేటప్పుడు దోపినట్టు, ఒక్క అంగుళం గుడ్డ వేలాడకుండా. నా వైపు చూసి, "నిన్ను చూసినంక బుద్ధొచ్చింది" అంది. కూర్చుంది. పిడి పట్టుకుంది.

మొదటిసారి చేతులతోనే గుంజింది. కాళ్లు ముందు, పెద్దమ్మా, కాళ్లు ముందు అని నాలుక చివర దాకా వచ్చింది. మింగాను. నా కడుపులో పట్టే జాగా తక్కువే, అయినా మింగాను. కిరణ్ చెప్పాడు నెమ్మదిగా, "కాళ్లతోని తన్నమ్మా." తన్నింది. సీటు జారింది. ముఖం వెలిగింది. బావిలోంచి చేద తోడినట్టు వంగింది, వాలింది, వంగింది, వాలింది. చెవుల్లో వైర్లున్న పిల్లలు చూశారు. ఎవరూ నవ్వలేదు. ఒకమ్మాయి అయితే బొటనవేలు ఎత్తి చూపించింది. పెద్దమ్మ ఆ వేలు చూసి, "గదేంది, ఇంకొకటా?" అని ఇంకొకసారి గుంజింది. కిరణ్ చాలన్నాడు. దిగనంది.

నేను గోడవారగా ఆమె కుర్చీలో, ఆమె సంచి ఒళ్లో పెట్టుకొని, నోరు మూసుకొని కూర్చున్నాను. కాలేజీలో ఎన్ని కప్పులు గెలిచానో అమ్మ బీరువా పైన దుమ్ము పట్టి ఉన్నాయి, చూసుకోవచ్చు. అన్నీ మాట్లాడి గెలిచినవే. ఈ ఒక్కటి మాత్రం పైజామా గెలిచింది, నేను నోరు మూసుకున్నందుకు.

దిగాక పెద్దమ్మ చెమట తుడుచుకొని నా చెవిలో అంది, "వచ్చే ఆదివారం గూడ వస్త. నువ్ రాకున్నా సరే."

కాబట్టి, ఇంత సేపు నవ్విన మీరంతా ఒక పని చేయాలి. మీ ఇంట్లో కూడా ఆపరేషన్ అయి మంచం దిగనివాళ్లు ఉండే ఉంటారు. ఈ వారమే వాళ్ల డాక్టర్‌ను అడిగి, సరే అంటే మీరే దగ్గరుండి మిషన్ దాకా తోలుకుపోండి. లెక్చరివ్వకండి. దేనికి భయపడుతున్నారో అడగండి, చెప్పేదాకా ఆగండి. నవ్వులపాలు అవుతామని జంకితే ముందు మీరు ఎక్కి నవ్వించండి. ఇక చాయ్ గ్లాసు కింద పెట్టి, లేచి నిలబడి, మీ నాడాకు కొసలున్నాయో లేవో ఇప్పుడే చూసుకోండి.